లక్షల వేలంపాట: ఆరోగ్య బీమా రాజకీయాలపై సింహావలోకనం

పాలమూరు నుంచి హైదరాబాదుకు వైద్యానికి వచ్చేవాళ్ళెవరైనా శంషాబాద్ దాటాల్సిందే. బెంగళూరు రహదారి మీద షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్, ఆరాంఘర్. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకో, పంజాగుట్టలోని నిమ్స్‌కో పోవాలి. 2007 ఏప్రిల్ 1న పేదలకు ఉచిత వైద్యమిచ్చే రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. ఆ ఏడాది ఇదే రోడ్డు పక్కన గొల్లపల్లి, మామిడిపల్లి పరిసరాల్లో సుమారు ఐదున్నర వేల ఎకరాల్లో విమానాశ్రయం పనులు జోరుగా సాగుతున్నాయి. 2008 మార్చి 23న అక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. చంద్రబాబు హయాంలో తలపెట్టి వైఎస్ హయాంలో పూర్తిచేసిన విమానాశ్రయం ఎవరి ఘనత అన్నదానిపై రెండు పక్షాలూ ఇప్పటికీ వాదించుకుంటాయి. ఆరోగ్యశ్రీ విషయంలో ఆ వాదన లేదు. అది వైఎస్‌దే. అయినా తర్వాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ, ఏ పార్టీవాడైనా, దాన్ని ఎత్తేసే సాహసం చేయలేదు. పేరు మార్చారు, అంకె పెంచారు, అంతే.

జబ్బు ఖర్చు ఎవరు భరించాలన్న తగవు మాత్రం అంతకంటే చాలా పాతది. 1944లో అదార్కర్ నివేదిక కార్మికుడు, యజమాని కలిసి చందా వేసుకునే బీమా కావాలంది. 1946లో భోర్ కమిటీ మరో దారి చూపింది. డబ్బు కట్టలేకపోయినంత మాత్రాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, ఆసుపత్రులను సర్కారే నడపాలని చెప్పింది. దేశం రెండింటినీ నెత్తిన పెట్టుకుంది, రెండింటినీ సగంలో వదిలేసింది. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది, ఫ్యాక్టరీ కార్మికులకు చీటీ దొరికింది. 1954లో కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ వైద్య పథకం వచ్చింది. రైతుకు, కూలీకి, చిల్లర కొట్టువాడికి మిగిలింది సర్కారు దవాఖానా. హైదరాబాదులో అదంటే నిజాం కట్టించిన 1925 నాటి ఉస్మానియాయే.

1986లో ప్రభుత్వరంగ బీమా సంస్థలు మెడిక్లెయిమ్ అనే ఆరోగ్య పాలసీ తెచ్చాయి. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో వచ్చింది. కొత్త వైద్యానికి ధర పెరిగింది, ఆ ధర కట్టగలిగినవాళ్ళు ఒక వర్గంగా ఏర్పడ్డారు. 1999 చట్టంతో బీమారంగం ప్రైవేటుకు తెరుచుకుంది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ ప్రధాన కార్యాలయం 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు తరలింది. దేశమంతటి బీమా నియమాలు ఇక్కడే రాస్తున్నా, ఈ ఊరి జనానికి అప్పట్లో పాలసీ అంటే ఎల్ఐసీయే. ఆరోగ్యానికి కూడా బీమా ఉంటుందని లక్షల కుటుంబాలకు తెలిసింది ఆరోగ్యశ్రీతోనే.

ఆ పథకం వెనక సిద్ధాంతమేమీ లేదు. ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చిపడిన దరఖాస్తులే దాన్ని పుట్టించాయి. 2004 మే నుంచి 2007 జూన్ వరకు సుమారు 55 వేల కేసులకు 168 కోట్ల రూపాయల పైచిలుకు సాయం వెళ్ళింది. ఎమ్మెల్యే సిఫారసు ఉన్నవాడికి చెక్కు, లేనివాడికి అప్పు. పులివెందులలో వైద్యం చేసిన వైఎస్‌కు ఆ లెక్క అర్థం కావడంలో వింత లేదు. దయగా ఇచ్చేదాన్ని హక్కులాంటిదిగా మార్చడమే ఆయన వేసిన అసలు అడుగు. తెల్లకార్డు చూపిస్తే చాలు, ఏడాదికి కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. ఆసుపత్రి గుమ్మంలో దారి చూపడానికి ఆరోగ్యమిత్ర. మొదటి విడతకు ప్రీమియం కట్టి స్టార్ హెల్త్ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. 2008 జులైలో మొదలైన రెండో విడతను ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా నడిపింది. కొన్నేళ్ళకు బీమా కంపెనీ పూర్తిగా తప్పుకుంది. కంపెనీ మేలా, ట్రస్టు మేలా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

విమర్శలకూ కొదవలేదు. ప్రజల సొమ్ము కార్పొరేట్ ఆసుపత్రులకు పోతోందని వామపక్షాలు అన్నాయి. గుండె, క్యాన్సర్, కిడ్నీలకు కోట్లు పోసి, జ్వరానికీ బీపీకీ మందులిచ్చే ప్రాథమిక కేంద్రాన్ని ఎండబెట్టారని ప్రజారోగ్య నిపుణులు అన్నారు. పల్లెల్లో అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు గుప్పుమన్నాక ఆ ఆపరేషన్‌తో సహా కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఈ విమర్శలన్నీ నిజమే. అయితే పాలమూరు కూలీ బిడ్డకు గుండె ఆపరేషన్ జరిగిందన్నదీ నిజమే. జబ్బుతో చనిపోవడమా, అప్పుతో చనిపోవడమా అన్న పరిస్థితిలో ఉన్నవాళ్ళకు ప్రజారోగ్య పాఠం చెప్పేవాళ్ళను చూస్తే నాకు కాస్త చిరాకే.

2018 సెప్టెంబర్ 23న రాంచీలో ప్రధాని మోదీ ఆయుష్మాన్ భారత్ ప్రారంభించారు. కుటుంబానికి 5 లక్షలు. తెలంగాణ చేరలేదు. మా ఆరోగ్యశ్రీ కిందికి ఎక్కువ కుటుంబాలు వస్తాయి, 2011 సామాజిక ఆర్థిక సర్వే జాబితా పట్టుకుంటే సగం మంది కూడా మిగలరన్నది కేసీఆర్ సర్కారు వాదన. పేదలకు కేంద్రం ఇచ్చేదాన్ని అడ్డుకుంటున్నారని బీజేపీ ఎదురుదాడి. ఈ పోట్లాటలో జబ్బుల ఊసే లేదు, కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్నదే గొడవ. కరోనా కాలంలో, 2021 మేలో, ఒప్పందం కుదిరింది. రెండు పథకాలూ అతుకు వేసుకుని ఒకటిగా నడవసాగాయి.

అక్కడి నుంచి అసలైన వేలంపాట. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ పది లక్షలంటే బీఆర్ఎస్ పదిహేను లక్షలంది. గెలిచిన రేవంత్‌రెడ్డి ఆ డిసెంబర్ 9న పది లక్షల పరిమితిని ప్రారంభించారు. పదిరోజులు తిరక్కుండానే, 18న, ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ఇరవై ఐదు లక్షలన్నారు. వినడానికి ఎంత బావుంది! ఏడాదిలో రెండు లక్షలు దాటే బిల్లు ఎన్ని కుటుంబాలకు వస్తుంది? చాలా తక్కువ మందికి. అందుకే ఆ అంకె పెంచడం ఖజానాకు చవక, కరపత్రానికి గొప్ప. ఒక్కో చికిత్సకు ఆసుపత్రికిచ్చే ప్యాకేజీ ధరలు సవరించడం, బిల్లులు నెలనెలా చెల్లించడం ఖరీదైన పనులు. వాటికి చప్పట్లు పడవు. 2025 సెప్టెంబరులో తెలంగాణ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు వెయ్యి కోట్లు దాటాయంటూ ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. మరుసటి నెల ఆంధ్రలోనూ అదే కథ. కార్డులో పది లక్షలున్నా కౌంటర్‌లో “ఇప్పుడు ఆరోగ్యశ్రీ తీసుకోవట్లేదు” అన్న ఒక్క మాటతో ఆ అంకె సున్నా అవుతుంది.

అదే సెప్టెంబర్ 4న ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అన్ని కుటుంబాలకూ వర్తించే కొత్త విధానాన్ని ఆమోదించింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలు, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. కంపెనీయా, ట్రస్టా అన్న పాత ప్రశ్న ఇన్నేళ్ళకు తిరిగొచ్చింది. ప్రీమియం కడితే బకాయిల బెడద కంపెనీ మీదికి పోతుందని ప్రభుత్వం ఆశ. కంపెనీలు క్లెయిములు కొట్టేసి లాభం చూసుకుంటాయని వైసీపీ ఆరోపణ. రెండింటికీ మన దగ్గరే అనుభవం ఉంది, ఎవరూ దాని లెక్కలు తిరగేయరు.

ఇక శంషాబాద్ సంగతి. అక్కడి విమానాశ్రయంలో మూడు రకాల బీమాలవాళ్ళు కనిపిస్తారు. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు పోయే కూలీ చేతిలో ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. యూఏఈ 2025 జనవరి నుంచి అన్ని ఎమిరేట్లలోనూ యజమానే ఆరోగ్య బీమా చేయించాలంది. ఆ పక్క వరుసలో అమెరికా పోయే తల్లిదండ్రులు. గ్రీన్‌కార్డు వచ్చినా అయిదేళ్ళు నిండందే అక్కడి వృద్ధుల సర్కారు బీమా మెడికేర్ దొరకదు, విజిటర్ పాలసీ పాత జబ్బులను పెద్దగా పట్టించుకోదు. అందుకే సూట్‌కేసులో పచ్చళ్ళ కింద ఆర్నెల్లకు సరిపడా షుగర్ మాత్రలు. వాళ్ళ పిల్లలుండే దేశంలో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య బీమా చట్టం 2010 మార్చి 23 నాటిది. దాని సబ్సిడీల మీద తగవుతోనే 2025 శరదృతువులో అక్కడి ప్రభుత్వం నలభై రోజులకు పైగా మూతపడింది.

మూడో రకం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. సామాన్లు ఎత్తేవాళ్ళు, టెర్మినల్ ఊడ్చేవాళ్ళు, కార్గోలో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు. ఎక్కువమంది కాంట్రాక్టు మీదే. జీతం నెలకు 21 వేలు మించకపోతే ఈఎస్ఐ ఉంటుంది, పెద్ద ఆసుపత్రి కావాలంటే నగరం అవతలి కొసన సనత్‌నగర్. మించితే, నడుస్తున్న చందా కాలం ముగిశాక, ఈఎస్ఐ పోతుంది. నెలకు 21 వేలంటే ఏడాదికి రెండు లక్షల 52 వేలు. తెల్లకార్డుకు పట్టణంలో పరిమితి రెండు లక్షలు, పల్లెలో లక్షన్నర. అంటే కాగితం మీద ఈఎస్ఐ దాటినవాడు ఆరోగ్యశ్రీని ఎప్పుడో దాటేశాడు. అతనికి మిగిలింది ప్రైవేటు పాలసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఏడాది ముందు కేంద్రమంత్రి గడ్కరీ స్వయంగా ఆర్థికమంత్రికి లేఖ రాసిన విషయమే ఇది. మంచి పనే. అయితే చెల్లించిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు పోయిందంటూ కంపెనీలు అసలు ప్రీమియాన్నే పెంచగలవు. పైగా షుగరో బీపీయో ముందే ఉంటే మూడేళ్ళ దాకా ఎదురుచూడాల్సిందేనన్న నిబంధన పెట్టుకోవచ్చు. ఆ మూడేళ్ళూ డాక్టరు ఫీజు, రక్తపరీక్ష, నెలనెలా మందులు జేబులోంచే. తర్వాతా చాలా పాలసీల్లో అంతే, ఎందుకంటే ఆసుపత్రిలో చేరితేనే బీమా. ఆరోగ్యశ్రీ కూడా దాదాపు ఇదే సూత్రం మీద నడిచింది.

ఈఎస్ఐ పరిమితిని 30 వేలకు పెంచమని కార్మిక సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. 21 వేలన్నది 2017 జనవరిలో పెట్టిన అంకె. ఆ తర్వాత ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో రెండు లక్షల నుంచి పదికి, ఆంధ్రలో ఇరవై ఐదుకు చేరింది.