శునకమునకు కవచము

మానవుడు తాను ధరించు వస్త్రములను గూర్చి ఎన్నియో గ్రంథములు వ్రాసికొన్నాడు. అతని వాకిట కావలియున్న కుక్కకు అతడు తొడిగిన వస్త్రములకును ఒక చరిత్ర కలదు. నేడు పట్టణములలో కుక్కలకు కోటులు, జోళ్లు అమ్ము దుకాణములు వెలసినవి. వానిని చూచి కొందరు నవ్వుదురు. కొందరు ముచ్చటపడి కొందురు. నవ్వుటకును, కొనుటకును ముందు ఈ చరిత్రను కొంత తెలిసికొనుట మేలని మా యభిప్రాయము.

ఈ విషయమున మనకు లభించు ప్రాచీన సాక్ష్యములలో మిక్కిలి స్పష్టమైనది రోమనులది. వర్రో అను పండితుడు తన ఎనుబదియవ యేట, క్రీ. పూ. 37 ప్రాంతమున, వ్యవసాయమును గూర్చి ఒక గ్రంథము రచించెను. మందలను కాయు కుక్కలను మృగములు గాయపరుపకుండ గట్టి తోలుతో పట్టెడ చేసి, దానికి తలలుగల మేకులు బిగింపవలెనని అందు చెప్పినాడు. అంతటితో ఆగలేదు. ఇనుము యొక్క కాఠిన్యము కుక్క మెడనే నొప్పింపకుండ మేకుల తలల క్రింద మెత్తని తోలు కుట్టవలెననియు చెప్పినాడు. ఒకసారి అట్టి పట్టెడచే గాయపడిన తోడేలు వలన పట్టెడ లేని కుక్కలకును భయముండదని కూడ వ్రాసినాడు. రెండువేల సంవత్సరముల క్రిందటి ఈ మాటలలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. అపాయము ఎచ్చటనుండి వచ్చును? దానిని తప్పించు సాధనమే కుక్కను బాధించునా?

మన దేశమున హిమాలయ ప్రాంతపు గొఱ్ఱెల కాపరులును తమ కుక్కలకు ముండ్లుగల ఇనుప పట్టెడలు కట్టుచుందురు. అచ్చటి శత్రువు చిరుతపులి. అదియు మెడనే పట్టును. వర్రో పేరైనను విననివారికి అదే ఉపాయము తోచినదన్నచో, అపాయమును శ్రద్ధతో గమనించుటయే అందులకు కారణము.

శత్రువు మారినచో కవచమును మారవలెను. ఐరోపాలో 16, 17 శతాబ్దుల ప్రభువులు వేటకుక్కలను అడవిపందుల మీదికి వదలుచుండిరి. పంది తన కోరలతో క్రిందినుండి పైకి చీల్చును. కావున మెడకు పట్టెడ చాలదు. రొమ్మును, ప్రక్కలను, పొట్టను కాపాడవలెను. అందులకై దళసరి గుడ్డను బొంతవలె కుట్టి, కుక్కకు అంగీగా తొడిగి త్రాళ్లతో బిగించిరి. కొన్నిటిలో తిమింగిలపు దవడ బద్దలను చేర్చి గట్టిపరచిరి. అయితే ఈ రక్ష అన్ని కుక్కలకును లభింపలేదు. ప్రభువులు విలువగల కుక్కలకే అంగీలు తొడిగిరి. తక్కినవి వట్టి మేనితోనే పందిని ఎదిరించినవి.

తోడేలును, పందియు కంటికి కనబడు శత్రువులు. ఉత్తరధ్రువ ప్రాంతమున కుక్కకు శత్రువు చలియే. వసంతమున మంచు కరగి మరల గడ్డకట్టునప్పుడు దాని పైభాగము సూదులవలె తేలి, బండిలాగు కుక్కల పాదములను కోయును. అచ్చటి ఇన్యుయిట్ జనులు సీలు చర్మముతో చిన్న జోళ్లు కుట్టి, గోళ్లు వెలుపలికి వచ్చుటకు రంధ్రములు ఉంచిరి. పాదము భద్రముగ నుండవలెను, గోరు మంచును పట్టవలెను! వర్రో చెప్పిన మెత్తని తోలు వంటిదే ఈ రంధ్రమును.

ఇట్టి చిన్న వస్తువు లోపించిన ఏమగునో 1925వ సంవత్సరము చెప్పినది. ఆ జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణమున పిల్లలకు కంఠసర్పి యను డిఫ్తీరియా వ్యాధి సోకినది. మందును 674 మైళ్ల దూరము 20 మంది చోదకులు, సుమారు 150 కుక్కలు ఒకరి తరువాత ఒకరుగా అయిదున్నర దినములలో చేర్చిరి. వారిలో చార్లీ ఎవాన్స్ వంతు 30 మైళ్లు. చలి సున్నకు దిగువ 64 ఫారన్‌హీట్ డిగ్రీలు. ముందు నడచు రెండు కుక్కలకు వెంట్రుకలు పొట్టివి. అట్టి వానికి గజ్జలవద్ద కుందేటి చర్మము కట్టుట వాడుక. ఆనాడు అది కట్టబడలేదు. త్రోవలో రెండును కూలినవి. ఎవాన్స్ తానే కుక్కలతోపాటు బండిని లాగి గమ్యము చేరెను. ఆ రెండు కుక్కలు మరణించినవి. అలాస్కాలో 1973లో ఆరంభమైన ఇడిటరాడ్ పందెమున ఒక్కొక్క కుక్కకు 8 పాదరక్షల చొప్పున ఉండవలెనని నియమము కలదు.

మానవుడు తెచ్చిపెట్టిన అపాయములును కలవు. మొదటి ప్రపంచయుద్ధమున, 1915 నుండి విషవాయు ప్రయోగము సాగగా, వార్తలు మోయు కుక్కలకును ముసుగులు కుట్టిరి. అయితే కుక్క నోటితో వగర్చి తన వేడిని బయటికి పంపును; ముక్కుతో దారి తెలిసికొనును. ఆ రెండింటిని మూయు ముసుగు ఒక రక్షయే గాక ఒక బంధనమును అయినది.

మన తెలుగుసీమలో కుక్కకు మంచు శత్రువు కాదు, ఎండ శత్రువు. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. అరికాళ్లలో మాత్రమే కొంత పట్టును. వైశాఖమాసమున దానికి అలంకారముగ ఉన్నికోటు తొడుగుట దాని శ్వాసకు భారము పెంచుటయే. ముసలి కుక్కకు, జబ్బుపడిన కుక్కకు, పొట్టివెంట్రుకల కుక్కకు పుష్యమాసపు తెల్లవారుజామున పలుచని కప్పు ఒకటి మేలు చేయవచ్చును. అది మెడవద్ద రెండు వ్రేళ్లు దూరునంత వదులుగ నుండవలెను; చంకలలో ఒరయరాదు; తడిసినచో వెంటనే తీయవలెను. వేసవిలో కాలిన తారురోడ్డుపై నడిపింపకుండుటయే అన్నిటికంటె మంచి పాదరక్ష.

దుకాణమున కోటు రంగు చూచుటకు ముందు దానిని తిరగవేసి లోపలి కుట్టును చేతితో తడవి చూడుడు. వర్రో మేకుల క్రింద కుట్టుమన్న మెత్తని తోలు అచ్చట ఉన్నదో లేదో తెలియును.