ఉపగుత్తేదారుకు బిల్లు అందకపోతే చట్టం ఎవరిని అడగమంటుంది?

రహదారి, కాలువ, భవనం ఏదైనా టెండరు దక్కేది లైసెన్సు పొందిన గుత్తేదారుకు. క్షేత్రంలో మట్టి తవ్వేది, సెంటరింగ్ కొట్టేది, ఇనుము కట్టేది, వైరింగ్ చేసేది మాత్రం చాలాచోట్ల ఆయన కింద పని తీసుకున్న ఉపగుత్తేదారులే. పని ముగిసి నెలలు గడిచినా సొమ్ము అందనప్పుడు వీరికి వినిపించే జవాబు దాదాపు ఒకటే: ‘పైనుంచి బిల్లు రాలేదు’. అది వాస్తవమే కావచ్చు. అయితే ఒప్పందంలో అలా రాసుకుని ఉంటే తప్ప, చెల్లింపు నిలిపివేతకు అది చట్టబద్ధమైన కారణం కాదు.

రెండు వేర్వేరు ఒప్పందాలు

ప్రధాన ఒప్పందంలో ప్రత్యేక నిబంధన లేనంతవరకు యజమానికి, ప్రధాన గుత్తేదారుకు మధ్య సంబంధం వేరు. ప్రధాన గుత్తేదారుకు, ఉపగుత్తేదారుకు మధ్య సంబంధం వేరు. ఇర్కాన్ ఇంటర్నేషనల్, వినయ్ హెవీ ఎక్విప్‌మెంట్స్ మధ్య వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్పష్టం చేసింది. దీనివల్ల ఉపగుత్తేదారుకు ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. యజమాని చెల్లించలేదన్న సాకుతో ప్రధాన గుత్తేదారు తన బాధ్యత నుంచి తప్పించుకోలేకపోవడం మేలు. తన చేతులతో కట్టిన కట్టడమే అయినా, ఆ సొమ్ము కోసం యజమానిపై నేరుగా దావా వేయడానికి సాధారణంగా దారి లేకపోవడం కీడు.

అదే పనిలో దినకూలీకి వచ్చిన కార్మికుడి పరిస్థితి ఇందుకు భిన్నం. గుత్తేదారు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని గుత్తేదారు నుంచి రాబట్టుకోవాలని 2025 వరకు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21(4) సెక్షన్ నిర్దేశించింది. ఆ చట్టం దృష్టిలో ఉపగుత్తేదారు కూడా గుత్తేదారే. అంటే కూలీల వేతనాల విషయంలో ఆయనకు బాధ్యత ఉంది గానీ, తన బిల్లుకు అలాంటి రక్షణ లేదు.

చాలా ప్రభుత్వ పనుల్లో మరో చిక్కు ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ సాధారణ ఒప్పంద షరతుల్లోని 21వ క్లాజు ప్రకారం ఇంజినీరు రాతపూర్వక అనుమతి లేకుండా పనిని మరొకరికి అప్పగించరాదు. అనుమతి తీసుకోని చోట ఉపగుత్తేదారు పేరు ఏ రికార్డులోనూ కనిపించదు. శాఖ కొలతల పుస్తకంలో నమోదైన ప్రతి ఘనపు మీటరూ ప్రధాన గుత్తేదారు చేసినట్లే లెక్క.

‘వచ్చాకే ఇస్తా’ షరతు

యజమాని నుంచి సొమ్ము అందిన తరువాతే చెల్లిస్తామన్న షరతును పెద్ద సంస్థలు వర్క్ ఆర్డర్లలో రాయించుకోవడం పరిపాటి. బ్రిటన్ 1996లో, సింగపూర్ 2004లో, మలేసియా 2012లో చేసిన నిర్మాణరంగ చెల్లింపుల చట్టాలు ఇలాంటి షరతులను చాలావరకు చెల్లకుండా చేశాయి. భారత్‌లో నిర్మాణ రంగానికంటూ అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అందువల్ల సంతకానికి ముందే ఆ షరతును తొలగించమనడం, కనీసం గరిష్ఠ గడువు ఒకటి రాయించుకోవడం ఉత్తమం. పని కోసం ఎదురుచూసే చిన్న ఉపగుత్తేదారుకు అలా అడిగే స్థోమత అరుదుగానే ఉంటుందన్నదీ నిజం.

ఆ లోటును కొంత పూరించేది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. ఇందులోని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. పనిపై అభ్యంతరాన్ని 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపకపోతే దాన్ని ఆమోదించినట్లే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే ప్రధాన గుత్తేదారు ముందుగా 75 శాతం మొత్తం జమ చేయాలి. ఈ సెక్షన్లు ఇతర చట్టాలకు అతీతంగా వర్తిస్తాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒప్పందం నాటికే సంస్థ నమోదై ఉండాలని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసు విచారించిన ద్విసభ్య ధర్మాసనం ఈ అంశాన్ని త్రిసభ్య ధర్మాసనానికి నివేదించింది. ఏదేమైనా వర్క్ ఆర్డర్ తీసుకునే ముందే ఉద్యమ్ నమోదు పూర్తిచేసుకోవడం క్షేమం. ఇక సరకు, శ్రమ కలగలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. కేవలం పనికే కుదిరిన ఒప్పందమా, సామగ్రితో కలిపినదా అన్నది కాగితంపై స్పష్టంగా ఉండాల్సింది ఇందుకే.

పన్ను నిబంధనలతో ఒత్తిడి

ఉపగుత్తేదారు బిల్లు ఇచ్చాక సొమ్ము చేతికి రాకపోయినా జీఎస్టీ కట్టక తప్పదు. అయితే ఆ బిల్లుపై ప్రధాన గుత్తేదారు వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కూ షరతు ఉంది. 180 రోజుల్లో బిల్లు సొమ్ము చెల్లించకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా తిరిగి కట్టాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన 43బి(హెచ్) నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటాక చెల్లించే మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవచ్చు. నోటీసులో ఈ రెండింటినీ ప్రస్తావిస్తే ప్రధాన గుత్తేదారు లెక్కల విభాగం సాధారణంగా మేల్కొంటుంది. బిల్లుపై మూలంలో పన్ను కోత పడి ఉంటే 26ఏఎస్ పత్రంలో కనిపించే ఆ నమోదు, ఇద్దరి మధ్య లావాదేవీకి ఆధారంగా పనికొస్తుంది.

చివరికి వివాదాన్ని తేల్చేది కొలతలే. పునాది పూడ్చాక, స్లాబు పోశాక ఎవరూ తిరిగి కొలవలేరు. కాబట్టి ఇరుపక్షాలూ సంతకం చేసిన ఉమ్మడి కొలతల పత్రం ప్రతి దశలో ఉండాలి. అదనపు పనికి నోటిమాట సరిపోదు. కనీసం వాట్సాప్‌లోనైనా సూచన తీసుకోవాలి. సిమెంటు, ఇనుము వృథా పేరిట వచ్చే కోతలపై అప్పటికప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఒప్పందంలో మధ్యవర్తిత్వ క్లాజు ఉంటే ఆ మార్గమే. లేకపోతే 3 లక్షల రూపాయలు, అంతకు మించిన నిర్మాణ వివాదాలు వాణిజ్య న్యాయస్థానానికి వెళ్తాయి. తక్షణ ఉత్తర్వులు అవసరం లేని కేసుల్లో ముందుగా రాజీ ప్రయత్నం తప్పనిసరి. దివాలా స్మృతి కింద దరఖాస్తుకు బకాయి కనీసం కోటి రూపాయలు ఉండాలి. పని నాణ్యతపైనో, కొలతలపైనో అంతకుముందే నిజమైన వివాదం ఉంటే ఆ దరఖాస్తు నిలవదని 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇచ్చిన చెక్కు చెల్లకపోతే సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి.

దావాకు కాలపరిమితి మూడేళ్లు. చెల్లింపు తేదీ రాసుకోని పనుల్లో, పని పూర్తయిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది. ‘వచ్చే నెల చూద్దాం’ అన్న ఫోను హామీలతో ఆ గడువు పెరగదు. గడువు ముగిసేలోగా బకాయిని అంగీకరిస్తూ ప్రధాన గుత్తేదారు సంతకంతో ఇచ్చిన లేఖ గానీ, ఆయన రాతలో గానీ సంతకంతో గానీ నమోదైన పాక్షిక చెల్లింపు గానీ ఉంటేనే మూడేళ్లు మళ్లీ కొత్తగా మొదలవుతాయి.