విడిముక్కల కెమెరా, మన ఇంటి చదరపు ఫోటోలు

మన బంధువులలో పాత ఫోటోలు దాచుకున్న ప్రతి ఇంట్లోనూ చిన్న చదరపు ఫోటోలు కొన్ని ఉంటాయి. కొలిస్తే అటు రెండుంపావు అంగుళాలు, ఇటు రెండుంపావు. చుట్టూ తెల్ల అంచు. అందరూ నడిమధ్యలో నిలబడి ఎండకు కళ్లు చికిలించుకొని ఉంటారు. అందులో ఎవరెవరు ఉండారని అడుగుతాము గానీ, ఏ కెమెరాతో తీసినారని ఎవరమూ అడగలేదు. నాకు ఆ ప్రశ్న ఒక ప్లాస్టిక్ బొమ్మ కెమెరా వల్ల వచ్చింది.

దాని పేరు కన్‌స్ట్రక్టర్. వియన్నాలోని లోమోగ్రఫీ కంపెనీ 2013లో తెచ్చింది. తయారైన కెమెరా రాదు. ప్లాస్టిక్ ముక్కలు, స్ప్రింగులు, స్క్రూలు ఒక డబ్బాలో వస్తాయి, మనమే బిగించుకోవాల. 35 మి.మీ. ఫిల్మ్ వేసుకోవాల. 50 మి.మీ. లెన్సు, ఎఫ్/10 అని ఒకటే రంధ్రం, సెకనులో 80వ వంతు అని మామూలుగా ఒకటే షట్టర్ వేగం. బ్యాటరీ లేదు. ఇట్లాంటిది ఇదే మొదటిది కూడా కాదు. జపానులో గక్కెన్ అనే ప్రచురణ సంస్థ, ‘పెద్దల సైన్స్’ అని అర్థం వచ్చే తన పత్రికతో పాటు 2009లో రెండు లెన్సుల కెమెరా కిట్టు ఇచ్చింది. అంతకుముందు హాంకాంగ్‌లో 1960లలో డయానా, 1982లో హోల్గా అని చవక ప్లాస్టిక్ కెమెరాలు వచ్చినాయి గానీ అవి బిగించే వచ్చేవి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లోపలి కోడ్ చూడకుండా బయటినుంచే పరీక్ష పెట్టడాన్ని మేము బ్లాక్ బాక్స్ టెస్టింగ్ అంటాము. కెమెరా అయితే నిజంగానే నల్లపెట్టె. మా ఇంట్లో దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్లే కాదు, తెరిస్తే రీలు పాడైపోతుందని. ఆ మాట నిజమే. అందుకే మూడు తరాల ఫోటోలు ఉన్న ఇంట్లో కూడా ఫోటో ఎట్ల పడుతుందో తెలిసినవాళ్లు లేరు.

సుగటూరులో మా చిన్నాయన పిల్లోళ్లతో కూర్చొని ఈ కిట్టు బిగించినాము. ముందర లెన్సు, దాని వెనక ఏటవాలుగా అద్దం, అద్దానికి పైన గరుకు తెర. పైనుంచి తొంగి చూస్తే తెర మీద బొమ్మ కనిపిస్తుంది. మీట నొక్కితే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు వెనక ఉన్న ఫిల్మ్ మీద పడుతుంది. అంతే కెమెరా. పిల్లోళ్లు వంతులేసుకొని చూసినారు. ఒక సంగతి వాళ్లే కనిపెట్టినారు: చిన్నాయన చొక్కా జేబు ఎడమ పక్క ఉంటే, తెర మీద కుడి పక్క కనిపిస్తోంది. అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది. ఫిల్మ్ మీద పడే బొమ్మకు ఈ అద్దంతో సంబంధం లేదు కాబట్టి, కడిగి సరిగా ప్రింటు వేస్తే జేబు మళ్లీ ఎడమకే వస్తుంది. ఈ జేబును గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు మన చదరపు ఫోటోల దగ్గరికి వస్తాను. 1960, 70లలో మన దేశంలో మామూలు ఇండ్లకు చేరిన కెమెరా ఆగ్ఫా క్లిక్ త్రీ. పేరు జర్మనీది, తయారీ బరోడాలో, న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లది. అదీ ప్లాస్టిక్ ఒళ్లే. దానికి 120 సైజు రీలు వేస్తే 12 చదరపు ఫోటోలు వచ్చేవి. పెద్దగా చేయించాలంటే డబ్బు ఖర్చు, అందుకని నెగటివ్‌ను కాగితం మీద ఆనించి అంతే సైజులో ప్రింటు వేయించుకునేవాళ్లు. రెండుంపావు అంగుళాల లెక్క అక్కడిది. చదరంగా ఉన్నదంతా క్లిక్ త్రీ అని చెప్పలేము, స్టూడియోవాళ్ల రెండు లెన్సుల కెమెరాలూ అదే సైజు. కానీ అంచులు మసకగా, నడుమ మాత్రమే స్పష్టంగా ఉంటే చవక లెన్సని అనుకోవచ్చు. ఎండలో నిలబెట్టడం కూడా మొరటుతనం కాదు. రంధ్రం చిన్నది, ఎండ లేకపోతే బొమ్మ సరిగా పడదు. చంకలో బిడ్డ మొహం చెదిరిపోయేది మాత్రం షట్టరు నిదానం వల్లే.

ఫిల్మ్ కూడా ఇక్కడిదే. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో తయారుచేసింది. స్టూడియోల పెద్ద చెక్క కెమెరాలది ఇంకో కథ. అలెప్పీలో వాయిద్యాలు బాగుచేసే కుటుంబంలో పుట్టిన కె. కరుణాకరన్ 1940లలో ‘వాగీశ్వరి’ పేరుతో కెమెరాలు చేయడం మొదలుపెట్టినారు. హార్మోనియం తిత్తి తెలిసిన ఇంటికి కెమెరా తిత్తి అంత కొత్తేమీ కాదు. తెరిచి చూసిన మనిషి తయారుచేయగలిగినాడు. కిట్టు కెమెరా చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తాడు, లోమోగ్రఫీ కాదు.

ఇంక జేబు సంగతి. మా జేజవ్వది అని చెప్పే ఫోటో ఒకటే ఉంది, చదరపుదే. ఇద్దరు ఆడవాళ్లు కూర్చొని ఉండారు, వెనక మా తాత తమ్ముడు చొక్కాతో నిలబడి ఉండాడు. జేజవ్వకు ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉండేదని మేనత్తలు అందరూ చెప్తారు. ఫోటోలో మాత్రం పచ్చబొట్టు ఒకామె కుడి చేతి మీద ఉంది. అందుకని ఆమె జేజవ్వ కాదు, చెల్లెలు అని తీర్మానించి, పక్కనున్న ఆమె మొహాన్ని జేజవ్వదిగా పెద్దది చేయించి పటం కట్టించినారు. ఏళ్లుగా పెద్దల పండగకు ఆ పటానికే దండ వేస్తున్నాము. ఇద్దరికీ పైట కుడి భుజం మీద ఉంది. మా కోలారు పక్క పాతకాలంలో కుడి పైట కూడా ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నేను చొక్కా చూసినాను. జేబు కుడి పక్క ఉంది. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ల జాకెట్టు మాదిరి తిరగబడి ఉంది. అంటే ప్రింటు వేసినప్పుడు నెగటివ్‌ను తిరగేసినారు. నెగటివ్‌కు ఒక పక్క మెరుపు, ఒక పక్క మందమైన పూత. పూత పక్క కాగితానికి ఆనాల. తిరగేస్తే కుడి ఎడమలు మారుతాయి, నడుమ ఫిల్మ్ మందం అడ్డం వచ్చి బొమ్మ కొంచెం మసకేస్తుంది కూడా. ఈ ఫోటో నడుమ కూడా మసకే. కంప్యూటర్‌లో తిప్పి మా పెద్ద మేనత్తకు చూపించినాను. ఆమె చాలాసేపు చూసి, “మా జేజి ఈయమ్మేరా” అని పచ్చబొట్టు ఉన్నామె మీద వేలు పెట్టింది.

కాబట్టి వంశవృక్షంలో ఫోటో మార్చినాము. పాత పటం దించలేదు, చెల్లెలి పేరు రాసి పక్కనే పెట్టినాము.

బెంగళూరులో, హోసూరులో, అమెరికాలో ఉండే అక్కలకూ అన్నలకూ ఒక మనవి. మీ దగ్గరుండే చదరపు ఫోటోలలో మగవాళ్ల జేబు, గుండీలు, గోడ మీద అక్షరాలు ఏమైనా ఉంటే ఒకసారి చూడండి. నెగటివ్‌లు దొరికితే నల్లగా ఉండాయని పారేయకండి. కిటికీ వెలుతురుకు పట్టుకొని, మెరుపు పక్క మీ వైపు పెట్టుకుంటే కుడి ఎడమలు సరిగా కనిపిస్తాయి. అట్లే పట్టుకొని ఫోన్‌తో ఫోటో తీసి పంపితే చాలు, మిగతా పని నేను చేస్తాను. జేజవ్వ ఫోటో నెగటివ్ కూడా ఎవరి పెట్టెలోనో ఉండొచ్చు.