ఎల్పీజీ కార్లలో ఇంజిన్ హెచ్చరిక దీపం

పెట్రోలు నుంచి ఎల్పీజీకి మార్చిన కారులో ఇంధన మిశ్రమం, జ్వలనం లేదా ఉద్గార నియంత్రణలో లోపాన్ని ఇంజిన్ కంప్యూటర్ గుర్తించినప్పుడు డాష్‌బోర్డుపై వెలిగే సూచిక ఇంజిన్ హెచ్చరిక దీపం. భారత్‌లో ఎల్పీజీని వాహన ఇంధనంగా 2000 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ అనుమతించింది.

బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఎల్పీజీకి సుమారు 15.5. కారును ఎల్పీజీకి మార్చడానికి అమర్చే సీక్వెన్షియల్ కిట్‌లోని గ్యాస్ కంప్యూటర్ పెట్రోలు ఇంజెక్టర్ తెరచుకునే వ్యవధిని గ్యాస్‌కు తగినట్లు మారుస్తుంది. ఈ అమరిక తప్పితే మిశ్రమం పలచబడి పి0171, చిక్కబడి పి0172 లోప కోడ్‌లు ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదవుతాయి. గ్యాస్‌ను రగిలించడానికి ఎక్కువ వోల్టేజి అవసరం. అందువల్ల పెట్రోలుపై ఇబ్బంది పెట్టని అరిగిన స్పార్క్ ప్లగ్ గ్యాస్‌పై మిస్‌ఫైర్ (పి0300) కలిగిస్తుంది. కిట్‌ను అనుమానించే ముందు ప్లగ్‌లు చూడడం మేలు.

నిర్ధారణలో కీలకమైనది ఇంధనం మార్చి చూడడం. స్కానర్‌తో కోడ్‌లు రాసుకుని, చెరిపి, కారును పెట్రోలుపై నడుపుతారు. దీపం మళ్లీ వెలిగితే లోపం కారుదే. గ్యాస్‌పైనే వెలిగితే గ్యాస్ ఫిల్టర్, గ్యాస్ పీడనాన్ని తగ్గించే రెడ్యూసర్ పీడనం, గ్యాస్ ఇంజెక్టర్లు, వాక్యూమ్ గొట్టాలు, క్యాలిబ్రేషన్ పరీక్షించాలి. కోడ్ చెరపడమే మరమ్మతు కాదు. దీపం మిణుకుమిణుకుమంటే తీవ్రమైన మిస్‌ఫైర్‌కు సంకేతం. మండని ఇంధనం కెటాలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. గ్యాస్ వాసన వస్తే ఇంజిన్ ఆపి, ట్యాంకు వాల్వు మూయడం తప్పనిసరి.