చల్లని సుత్తి దెబ్బ



బిలోలి నుంచి బోధన్ వైపు వెళ్తూ మంజీర దాటితే రాష్ట్రం మారుతుంది. 1956కు ముందు రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. ఇక్కడి ఇనుము చరిత్ర కూడా ఉమ్మడిదే. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని హెన్రీ వాయిసీ రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. అలా ఉక్కు పుస్తకానికి ఎక్కింది. మరి సుత్తి పనితనం?

కమ్మరి ఎర్రగా కాలిన ఇనుమును కొట్టేది రూపం కోసం. కంచరి పని చూడండి. కొలిమిలో కాలిన రాగి మెత్తబడుతుంది. చల్లారాక బిందె ఒంటి నిండా వరుసగా సుత్తి దెబ్బలు వేస్తాడు. ఆ ముద్రలు అందం కోసమే అనుకుంటాం. నిజానికి ఆ దెబ్బలతోనే రాగి గట్టిపడుతుంది.

ఉక్కు మీద చల్లని దెబ్బ ఇంకో మేలు కూడా చేస్తుంది. దెబ్బ తిన్న పైపొర సాగాలని చూస్తుంది, లోపలి లోహం సాగనివ్వదు. దాంతో పైపొర బిగుసుకుని నొక్కుడులో ఉంటుంది. అక్కడ పగులు పుట్టినా నోరు తెరవలేదు. దీనినే పీనింగ్ అంటారు.

1930 ప్రాంతంలో అమెరికాలో, చిన్న ఇనుప గుండ్లు వేగంగా చిమ్మి శుభ్రం చేసిన వాల్వు స్ప్రింగులు ఎక్కువ కాలం మన్నుతున్నాయని మోటారు కంపెనీవారు గమనించారు. జనరల్ మోటార్స్‌లోని జాన్ ఆల్మెన్ దానికి కొలత కనిపెట్టాడు. పలుచని స్ప్రింగు ఉక్కు పట్టీకి ఒకవైపే గుండ్ల దెబ్బ తగిలించాలి. పట్టీ విల్లులా వంగుతుంది. ఆ వంపు ఎంతో కొలిస్తే దెబ్బ బలం తెలుస్తుంది. 1944లో దీనికి పేటెంటు వచ్చింది. నేడు విమానం భాగాలకూ ఈ కొలతే ఆధారం.

మన లారీల కమాను పట్టీలకూ ఫ్యాక్టరీలో ఈ గుండ్ల దెబ్బ తగిలిస్తారు. విరిగిన పట్టీ చివరికి ఊరి కొలిమికే వచ్చి గొడ్డలో కత్తో అవుతుంది. ఎర్రగా కాల్చగానే ఫ్యాక్టరీ పెట్టిన ఆ బిగువు పోతుంది. మళ్లీ బలం తెచ్చేది మన కమ్మరి చెయ్యే.

ఆల్మెన్ దెబ్బకు కొలత ఉంది కాబట్టి దేశాలు దాటింది. కమ్మరి, కంచరి దెబ్బలకు కొలత వారి చెవిలో, మణికట్టులో ఉంది. అది ఎవరూ నేర్వకపోతే వారితోనే పోతుంది. ఈసారి గొడ్డలి చేయించుకోవడానికి వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. ఏ దెబ్బ ఎందుకో వారిచేత అడిగించండి. చెప్పింది ఒక కాగితం మీద రాయించండి. మన ప్రాంతపు చరిత్రలో అదీ ఒక పుట అవుతుంది.