మాంట్రియల్ కెనడియన్స్: ఒక ఐస్ హాకీ క్లబ్బు, ఒక భాషా సమాజం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మాంట్రియల్ కెనడియన్స్ క్లబ్బు ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో వివరించగలుగుతారు.
• 1955 అల్లర్లకు గల కారణాలను, వాటి ప్రాధాన్యాన్ని విశ్లేషించగలుగుతారు.
• క్లబ్బు విజయాలలో భాషాభిమానం, నిర్వహణ దక్షత ఏ పాత్ర వహించాయో వేరుచేసి చూడగలుగుతారు.

1. విషయ పరిచయం

హాకీ అనగానే మనకు మైదానంలో కర్ర, బంతితో ఆడే ఆట గుర్తుకు వస్తుంది. కెనడాలో హాకీ అంటే ఐస్ హాకీ. కాళ్లకు స్కేట్లు కట్టుకొని, మంచుగడ్డ పరచిన రింకు మీద, 'పక్' అనే చదునైన రబ్బరు బిళ్లను ప్రత్యర్థి గోలులోకి కొట్టే ఆట ఇది. ఈ ఆటలో అత్యున్నత బహుమతి స్టాన్లీ కప్పు. దీనిని 1893 నుంచి ఇస్తున్నారు. 1916 నుంచి 1993 వరకు మాంట్రియల్ కెనడియన్స్ క్లబ్బు ఈ కప్పును 24 సార్లు గెలుచుకుంది. మరే క్లబ్బూ ఇన్నిసార్లు గెలవలేదు.

ఆటల చరిత్రను గెలుపు ఓటముల పట్టికగా చదివితే చరిత్ర విద్యార్థికి ఒరిగేది తక్కువ. మనం వేసుకోవలసిన ప్రశ్న ఇది: వ్యాపార లాభం కోసం పుట్టిన ఒక క్లబ్బు ఒక భాషా సమాజపు ఆత్మగౌరవ చిహ్నంగా ఎలా మారింది?

2. నేపథ్యం: ఒకే నగరం, రెండు భాషలు

క్విబెక్ ప్రాంతం మొదట ఫ్రాన్సు వలస రాజ్యం. 1760లో మాంట్రియల్ నగరం బ్రిటిష్ సేనలకు లొంగిపోయింది. 1763 పారిస్ సంధితో ఆ ప్రాంతమంతా బ్రిటన్ వశమైంది. పాలకులు మారినా ప్రజల్లో అత్యధికులు ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కులుగానే మిగిలారు. అయితే మాంట్రియల్ బ్యాంకులు, రైల్వే కంపెనీలు, పెద్ద కర్మాగారాలు చాలావరకు ఇంగ్లీషు మాట్లాడేవారి చేతుల్లో ఉండేవి. కార్మికుల భాష ఫ్రెంచి, యజమాని భాష ఇంగ్లీషు. ఈ తేడాను గుర్తుంచుకోండి. పాఠంలోని తక్కిన విషయాలన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి.

ఐస్ హాకీ కూడా మొదట మాంట్రియల్‌లోని ఇంగ్లీషు వారి క్లబ్బులలో, కళాశాలల్లో పెరిగిన ఆటే. ఫ్రెంచి యువకులు అందులోకి కొంత ఆలస్యంగా ప్రవేశించారు.

3. క్లబ్బు స్థాపన

1909 చివర ఐస్ హాకీ క్లబ్బుల యజమానుల మధ్య వివాదం తలెత్తింది. ఆంటేరియో రాష్ట్రంలోని రెన్‌ఫ్రూ పట్టణ జట్టును కొత్త లీగులో చేర్చుకోవడానికి మాంట్రియల్ యజమానులు కొందరు నిరాకరించారు. రెన్‌ఫ్రూ జట్టు వెనుక ఉన్న ఆంబ్రోస్ ఓబ్రయన్ గనులు, రైల్వే కాంట్రాక్టులతో ధనవంతమైన కుటుంబానికి చెందినవాడు. ఆయన, వారిలాగే బయట మిగిలిన వాండరర్స్ క్లబ్బు వారు కలిసి నేషనల్ హాకీ అసోసియేషన్ అనే పోటీ లీగును స్థాపించారు. ఫ్రెంచి ప్రేక్షకులను ఆకర్షించాలంటే ఫ్రెంచి ఆటగాళ్ల జట్టు ఉండాలని వారు భావించారు. ఆ విధంగా 1909 డిసెంబరు 4న 'లే కెనడియన్' క్లబ్బు పుట్టింది. జట్టును కూర్చే బాధ్యతను జాక్ లావియొలెట్ అనే ఆటగాడికి అప్పగించారు. 1910 జనవరి 5న ఆడిన తొలి ఆటలో ఈ జట్టు కోబాల్ట్ జట్టును 7-6 తేడాతో ఓడించింది.

పేరును గమనించండి. ఆనాడు క్విబెక్ ఫ్రెంచివారు తమను తాము 'కెనడియన్' అని పిలుచుకునేవారు. ఇంగ్లీషు మాట్లాడేవారిని 'ఆంగ్లే' అనేవారు. కాబట్టి ఆ పేరు వినగానే అది ఎవరి జట్టో మాంట్రియల్ వాసులకు తెలిసిపోయేది.

దీనిని మన మోహన్ బగాన్‌తో పోల్చి చూడండి. 1911లో బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి జాతీయ గౌరవానికి ప్రతీకగా నిలిచిన ఆ ఫుట్‌బాల్ క్లబ్బును 1889లో స్థాపించింది బెంగాలీలే. కెనడియన్స్ విషయంలో పెట్టుబడి ఇంగ్లీషు వ్యాపారిది, అభిమానం మాత్రం ఫ్రెంచి ప్రజలది. ఈ వైరుధ్యం క్లబ్బు చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

4. తొలి దశాబ్దాలు

1916లో పోర్ట్‌లాండ్ జట్టును ఓడించి క్లబ్బు తొలి స్టాన్లీ కప్పు గెలిచింది. 1917 నవంబరులో మాంట్రియల్‌లోనే నేషనల్ హాకీ లీగు ఏర్పడింది. 1919లో సియాటిల్ నగరంలో జరుగుతున్న తుది పోరు ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వల్ల మధ్యలోనే ఆగిపోయింది. జట్టు ఆటగాడు జో హాల్ ఆ వ్యాధితో ఏప్రిల్ 5న మరణించాడు. ఆ ఏడాది కప్పు ఎవరికీ దక్కలేదు.

1924లో మాంట్రియల్ మరూన్స్ అనే రెండవ జట్టు ఏర్పడింది. నగరంలోని ఇంగ్లీషు వారు దానిని తమ జట్టుగా భావించారు. అదే ఏడాది 'ఫోరం' అనే రింకు భవనం ప్రారంభమైంది. కెనడియన్స్ జట్టు ఆంటేరియో నుంచి వచ్చిన హోవీ మోరెంజ్ వంటి ఇంగ్లీషు ఆటగాళ్లను కూడా తీసుకుంది. అభిమానులు వారినీ ఆదరించారు. ఆర్థిక మాంద్యపు దెబ్బకు మరూన్స్ 1938లో ఆట మానుకోగా, నగరమంతటికీ కెనడియన్స్ ఒక్కటే మిగిలింది.

5. మోరిస్ రిషార్, 1955 మార్చి 17

మాంట్రియల్ కార్మిక కుటుంబంలో పుట్టిన మోరిస్ రిషార్ 1944-45లో 50 ఆటల్లో 50 గోల్స్ చేశాడు. అంతకు ముందు ఏ ఆటగాడూ ఒక సీజన్‌లో అన్ని గోల్స్ చేయలేదు. ప్రత్యర్థులు కవ్విస్తే ఊరుకునేవాడు కాదు. 1955 మార్చి 13న బోస్టన్‌లో జరిగిన ఘర్షణలో ఆయన ఒక లైన్స్‌మన్‌ను కొట్టాడు. లీగు అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ విచారణ జరిపి, ఆ సీజన్‌లో మిగిలిన ఆటలన్నింటి నుంచీ, కప్పు పోటీల నుంచీ ఆయనను బహిష్కరించాడు. అప్పటికి పాయింట్ల పట్టికలో రిషార్‌దే మొదటి స్థానం.

తప్పు జరిగింది, శిక్ష పడింది. అయినా ఫ్రెంచి అభిమానులు దానిని ఆ విధంగా చూడలేదు. ఇంగ్లీషు అధికారి తమవాడిని అన్యాయంగా శిక్షించాడని భావించారు. మార్చి 17న క్యాంప్‌బెల్ స్వయంగా ఫోరంకు ఆట చూడటానికి రావడంతో ప్రేక్షకులు ఆయనపైకి వస్తువులు విసిరారు. ఎవరో బాష్పవాయు గుండు పేల్చారు. భవనం ఖాళీ చేయించి, ఆటలో డెట్రాయిట్ జట్టు గెలిచినట్లు ప్రకటించారు. బయటకు వచ్చిన జనం సెయింట్ కేథరిన్ వీధిలో దుకాణాల అద్దాలు పగలగొట్టారు, సరుకులు దోచుకున్నారు. మరునాడు రిషార్ స్వయంగా రేడియోలో ఫ్రెంచిలో మాట్లాడి శాంతంగా ఉండమని కోరాడు. అల్లర్లు ఆగాయి.

కొద్దిరోజులకే పాత్రికేయుడు ఆంద్రే లోరాందో 'ల దెవ్వార్' పత్రికలో రాస్తూ, జనం ఆగ్రహానికి మూలం ఆట ఒక్కటే కాదని, అణగి ఉన్న జాతి భావన అందులో బయటపడిందని వ్యాఖ్యానించాడు. 1960లో జాన్ లెసాజ్ నాయకత్వంలోని లిబరల్ పార్టీ అధికారానికి వచ్చి, క్విబెక్‌లో 'నిశ్శబ్ద విప్లవం' అనే సంస్కరణల యుగం మొదలైన తరువాత ఈ వ్యాఖ్యానం మరింత బలపడింది. ఆ విప్లవానికి తొలి అడుగు 1955 అల్లర్లేనని కొందరు అంటారు.

ఈ వాదనను మీరు జాగ్రత్తగా పరిశీలించాలి. 1949లోనే ఆస్బెస్టాస్ గని కార్మికుల సమ్మె క్విబెక్‌ను కుదిపివేసింది. 1959లో ముఖ్యమంత్రి మోరిస్ డుప్లెసీ మరణం రాజకీయ మార్పుకు దారి తీసింది. విద్య, నగరీకరణ వంటి దీర్ఘకాలిక కారణాలూ ఉన్నాయి. అల్లర్లు ఆ మార్పును సృష్టించాయనడం కంటే, అప్పటికే ఉన్న అసంతృప్తిని బయటపెట్టాయనడం సబబు.

6. విజయాల వెనుక నిర్వహణ

భాషాభిమానం ఫోరంను ప్రేక్షకులతో నింపింది. కప్పులు గెలవడానికి మాత్రం నిర్వహణ దక్షత అవసరమైంది. 1946లో టొరంటో నుంచి వచ్చిన మేనేజరు ఫ్రాంక్ సెల్కీ బాలుర స్థాయి నుంచే ఆటగాళ్లను గుర్తించి, అనుబంధ జట్లలో తీర్చిదిద్దే ఏర్పాటు చేశాడు. ఆ పంట 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదు కప్పుల రూపంలో చేతికి వచ్చింది. రెండు భాషలూ తెలిసిన టో బ్లేక్ అప్పుడు శిక్షకుడు. జట్టు గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ 1959 నవంబరు 1న ముఖానికి దెబ్బ తగిలిన తరువాత మాస్కు ధరించి ఆడాడు. గోల్‌కీపర్లు మాస్కు వాడటం క్రమంగా అలవాటైంది.

క్విబెక్ ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే ప్రత్యేక హక్కే ఈ విజయాలకు కారణమని ఒక వాదన ఉంది. అటువంటి వెసులుబాటు కొంతకాలం ఉన్న మాట నిజమే. అయితే అది 1969తో ముగిసింది. 1976 నుంచి 1979 వరకు వరుసగా నాలుగు కప్పులు గెలిచిన జట్టుకు ప్రాణమైన గీ లఫ్లర్‌ను 1971లో క్లబ్బు దక్కించుకున్నది మేనేజరు శామ్ పొలాక్ చేసిన మార్పిడి ఒప్పందం ద్వారా. ముందుచూపుతో ఆయన కాలిఫోర్నియా జట్టు నుంచి తొలి ఎంపిక అవకాశాన్ని ఏడాది ముందే సంపాదించాడు. 1976-77 సీజన్‌లో ఆ జట్టు 80 ఆటల్లో ఓడినవి 8 మాత్రమే.

7. ఫోరం తరువాత

క్లబ్బు 1986లో, 1993లో మళ్లీ కప్పు గెలిచింది. 1996 మార్చిలో ఫోరంను వదలి కొత్త భవనానికి మారింది. 2000 మేలో రిషార్ మరణించినప్పుడు క్విబెక్ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. 2011 డిసెంబరులో ఫ్రెంచి రాని వ్యక్తిని శిక్షకుడిగా నియమించినప్పుడు తీవ్ర నిరసన వ్యక్తమైంది. స్థాపన జరిగి శతాబ్దం దాటినా, ఈ క్లబ్బు ఎవరిదన్న ప్రశ్న సజీవంగానే ఉందని దీనివల్ల తెలుస్తుంది.

8. సారాంశం

కెనడియన్స్ క్లబ్బును వ్యాపారులు స్థాపించారు. దానికి అర్థం కల్పించినవారు ఫ్రెంచి ప్రజలు. ఆర్థిక రంగంలో వెనుకబడిన సమాజానికి తమవారు బహిరంగంగా గెలిచే వేదిక దొరికింది. ఆ గెలుపును నిలబెట్టింది భాషాభిమానం ఒక్కటే కాదు, నిర్వాహకుల దూరదృష్టి కూడా. ఒక చిహ్నాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు సొంతం చేసుకున్నారు అనేవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఏ సంస్థ చరిత్రను చదివేటప్పుడైనా ఈ రెండింటినీ విడివిడిగా అడగడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అ. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1909లో కెనడియన్స్ క్లబ్బు స్థాపనకు దారితీసిన పరిస్థితులు ఏవి?
2. ఫ్రాంక్ సెల్కీ, శామ్ పొలాక్‌ల కృషిని వివరించండి.

ఆ. కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. 1955 అల్లర్లు నిశ్శబ్ద విప్లవానికి నాంది అనే వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించండి.