ఐక్యరాజ్య సమితి అత్యవసర దళం

ఐక్యరాజ్య సమితి అత్యవసర దళం 1956 నవంబరులో సూయజ్ సంక్షోభ సమయంలో ఏర్పడిన అంతర్జాతీయ సైనిక దళం. సమితి నెలకొల్పిన మొట్టమొదటి సాయుధ శాంతి పరిరక్షక దళం ఇదే. అంతకు ముందు పాలస్తీనాలోను, కాశ్మీరులోను సమితి తరఫున పనిచేసినవారు సైనిక పరిశీలకులు మాత్రమే.

నేపథ్యము

1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. అక్టోబరు 29న ఇజ్రాయిల్ సైన్యం సినాయి ద్వీపకల్పంలో ప్రవేశించింది. రెండు రోజులకు బ్రిటన్, ఫ్రాన్సులు కూడా ఈజిప్టుపై వైమానిక దాడులు ప్రారంభించాయి. ప్రపంచ శాంతిభద్రతల ప్రధాన బాధ్యత భద్రతా మండలిది. కాని ఈ యుద్ధానికి దిగిన దేశాలలో రెండు ఆ మండలిలోనే వీటో అధికారం గల శాశ్వత సభ్యులు. అవి వీటో ప్రయోగించడంతో మండలి చేతులు కట్టుబడ్డాయి. అప్పుడు 1950 నాటి "శాంతి కొరకు ఐక్యత" తీర్మానం ప్రకారం విషయం సర్వప్రతినిధి సభకు చేరింది. ఆ సభలో ఎవరికీ వీటో లేదు.

ఏర్పాటు

దళాన్ని ప్రతిపాదించినవాడు కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్. ఇందుకు ఆయనకు 1957లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ కొద్ది రోజులలోనే పథకం సిద్ధం చేశాడు. భారతదేశంతో సహా పది దేశాలు సైనికులను పంపాయి. అగ్రరాజ్యాల సైన్యాలను చేర్చుకోలేదు. ఆత్మరక్షణకు తప్ప ఆయుధం వాడరాదన్నది నియమం. దూరం నుండి గుర్తించడానికి సైనికుల హెల్మెట్లకు నీలిరంగు పూశారు. నేటికీ శాంతి సైనికుల గుర్తు అదే. కెనడా పంపదలచిన పటాలం పేరు "క్వీన్స్ ఓన్ రైఫిల్స్". బ్రిటిషు రాణి పేరుగల పటాలాన్ని ఈజిప్టు అంగీకరించకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

1956 డిసెంబరుకు బ్రిటన్, ఫ్రాన్సు సేనలు, 1957 మార్చికి ఇజ్రాయిల్ సేనలు వైదొలగాయి. తరువాత పదేళ్ళు ఆ సరిహద్దు చాలావరకు ప్రశాంతంగా ఉంది. ఈ దళానికి భారతీయ సేనానులు పి.ఎస్. జ్ఞానీ, ఇందర్‌జిత్ రిఖీ నాయకత్వం వహించారు.

ఉపసంహరణ

దళం ఉనికికి ఆధారం ఆతిథ్య దేశపు సమ్మతి. ఇజ్రాయిల్ తన వైపు దళాన్ని అనుమతించనందున అది ఈజిప్టు అధీనంలోని భూభాగంలోనే నిలిచింది. 1967 మేలో నాసర్ ప్రభుత్వం దళాన్ని వెళ్ళిపొమ్మన్నది. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ సమ్మతించాడు. ఇజ్రాయిల్ వైపు నిలుపుటకు చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఉపసంహరణ పూర్తి కాకముందే జూన్ 5న యుద్ధం మొదలైంది. గాజాలో మిగిలియున్న భారతీయ సైనికులు కొందరు ఆ కాల్పులలో మరణించారు.

ఊ థాంట్ తొందరపడ్డాడని తీవ్ర విమర్శలు వచ్చాయి. అయితే ఈజిప్టు కోరికను మన్నిస్తామని భారత్, యుగోస్లావియాలు అప్పటికే తెలిపాయి. సైనికులను పంపిన దేశాలే వెనుకకు పిలిచినపుడు ఆయన చేయగలిగినది స్వల్పమే.

1973 అక్టోబరు యుద్ధం తరువాత రెండవ అత్యవసర దళం ఏర్పడింది. దీనిని భద్రతా మండలే నెలకొల్పింది. ఇది 1979 జూలై వరకు పనిచేసింది.